డ్రాఫ్ట్ వయసు 18, 19, 20: స్కౌట్ల వైపు నుంచి చూస్తే ఏది మేలు?

ఏటా జూన్‌లో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో డ్రాఫ్ట్, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం, దగ్గరపడేకొద్దీ అభిమానుల మధ్య ఒక పాత వాదన మళ్లీ లేస్తుంది. హైస్కూల్ అయిపోయిన కుర్రాణ్ని 18కే లీగ్‌లోకి రానివ్వాలా? ఇప్పుడున్న 19 సరిపోతుందా? లేక రెండేళ్లు కాలేజీలో ఆడి 20కి రమ్మనాలా? మీరు ఎటూ తేల్చుకోలేకపోతుంటే, ఒకసారి స్కౌట్ల (జట్ల కోసం ఆటగాళ్లను వెతికి అంచనా వేసేవాళ్ల) పని వైపు నుంచి చూడండి. వయసు గీత ఒక్క ఏడాది అటూ ఇటూ జరిగినా ముందు మారేది వాళ్ల పనే. ఏ జిమ్‌కి వెళ్లాలి, ఎన్ని మ్యాచ్‌లు చూడటానికి దొరుకుతాయి, ఎంతవరకు కళ్లతో చూసి చెప్పొచ్చు, ఎక్కడి నుంచి ఊహించాలి అన్నీ ఆ గీతే నిర్ణయిస్తుంది.

నా మాట ముందే చెప్పేస్తాను. ఏ వయసు పెట్టినా తప్పుడు ఎంపికలు ఆగవు. ఆ తప్పుకు మూల్యం ఎవరు కడతారన్నది మాత్రం మారుతుంది. 18 దగ్గర జట్టు కడుతుంది, 20 దాటేకొద్దీ ఆటగాడు కడతాడు. నేను 18 వైపే మొగ్గుతాను, కానీ కొన్ని షరతులతో. ఎందుకో కింద వివరిస్తాను. మీ పరిస్థితిని బట్టి మీరు వేరే చోట తేలవచ్చు.

ఇప్పుడున్న నిబంధన

లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ 2005లో కుదిరిన ఒప్పందం ప్రకారం 2006 డ్రాఫ్ట్ నుంచి 19 ఏళ్ల నిబంధన అమల్లోకి వచ్చింది. డ్రాఫ్ట్ జరిగే క్యాలెండర్ సంవత్సరంలో ఆటగాడికి 19 నిండాలి. అమెరికన్ ఆటగాడైతే తన హైస్కూల్ బ్యాచ్ బయటికొచ్చి కనీసం ఏడాది గడవాలి కూడా.

ఇక్కడే చాలామంది పొరబడతారు. డ్రాఫ్ట్ రోజుకే 19 నిండి ఉండనక్కర్లేదు. 2013లో ఎంపికైన యానిస్ అంటెటొకుంపో, 2025లో మొదటి పిక్‌గా (వరసలో మొదటి ఎంపికగా) డల్లాస్ తీసుకున్న కూపర్ ఫ్లాగ్ ఇద్దరూ డిసెంబర్‌లో పుట్టినవాళ్లే. డ్రాఫ్ట్ రాత్రికి ఇద్దరికీ 18 ఏళ్లే. స్కౌట్లు నెలలతో సహా వయసు లెక్కేసేది ఇందుకే. ఒకే సీజన్‌లో ఒకేలా ఆడిన ఇద్దరిలో ఒకరికి పద్దెనిమిదిన్నర, ఇంకొకరికి ఇరవై అయితే, ఇంకా ఎదిగే అవకాశం ఉందని చిన్నవాణ్ని పైన పెడతారు.

దేన్ని బట్టి తూచాలి

మొదటిది ఆధారం. ఎన్ని మ్యాచ్‌లు చూశారన్నది సగమే, ఎవరి మీద ఆడాడన్నది మిగతా సగం. ఏడడుగుల కుర్రాడు ఆరడుగుల ప్రత్యర్థుల మీద కొట్టిన ముప్పై పాయింట్ల నుంచి నేర్చుకునేది చాలా తక్కువ.

రెండోది శరీరం. పద్దెనిమిదేళ్ల వాడి భుజాలు, మోకాళ్లు, కొన్నిసార్లు ఎత్తు కూడా ఇంకా పెరుగుతుంటాయి. గాయాల చరిత్ర అప్పటికి చిన్నదిగానే ఉంటుంది.

మూడోదాన్ని అభిమానులు తరచూ మరిచిపోతారు: రూకీ (కొత్త ఆటగాడి) కాంట్రాక్టు. మొదటి రౌండ్‌లో తీసుకున్న ఆటగాడికి తొలి రెండేళ్లు గ్యారంటీ, తర్వాతి రెండేళ్లు జట్టు ఇష్టం. అంటే నాలుగేళ్లు తక్కువ జీతానికి దొరుకుతాడు. ఆ నాలుగేళ్లు 18 నుంచి 22 దాకా పడితే ఒక లెక్క, 22 నుంచి 26 దాకా పడితే ఇంకో లెక్క. కుర్రాడు నేర్చుకునే ఏళ్లన్నీ మీ దగ్గర గడిపి, బాగా ఆడే ఏళ్లలో పెద్ద జీతం అడగడం లేదా వేరే ఊరికి వెళ్లిపోవడం జరగవచ్చు.

నాలుగోది, స్కౌట్ ఎంత చిన్న పిల్లల వెంట తిరగాల్సి వస్తుందన్నది. 18కి డ్రాఫ్ట్ అంటే 16 ఏళ్ల పిల్లల మీద ఫైళ్లు తెరుచుకుంటాయి.

| నిబంధన | స్కౌట్‌కి దొరికే ఆధారం | ఊహ మీద ఆధారపడాల్సింది | రూకీ కాంట్రాక్టు ముగిసే వయసు (సుమారు) | తప్పు జరిగితే ఎక్కువ నష్టం |
|---|---|---|---|---|
| 18, హైస్కూల్ నుంచి | స్కూల్ మ్యాచ్‌లు, వేసవి టోర్నీలు, వర్కౌట్లు | చాలా ఎక్కువ | 22 | జట్టుకు |
| 19, ఇప్పటి పద్ధతి | ఒక సీజన్, అదీ పూర్తిగా ఆడితే | ఎక్కువే | 23 | ఇద్దరికీ |
| 20, రెండేళ్ల పద్ధతి | రెండు సీజన్లు, వాటి మధ్య మార్పు | కొంత | 24 | ఆటగాడికి |
| బేస్‌బాల్ తరహా: 18కే లేదా కొన్నేళ్లు ఆగాక | రెండు రకాలూ | ఆటగాణ్ని బట్టి | 22 లేదా 24–25 | దారిని బట్టి |

18: హైస్కూల్ నుంచి నేరుగా

ఒకప్పుడు హైస్కూల్ అయ్యాక నాలుగేళ్లు గడిస్తే గానీ ఎన్‌బీఏలోకి రానిచ్చేవారు కాదు. స్పెన్సర్ హేవుడ్ దాన్ని కోర్టులో సవాలు చేశాడు. 1971లో సుప్రీంకోర్టు అతని వైపు నిలవడంతో ఆ గోడ కూలింది. 1975లో డారిల్ డాకిన్స్, బిల్ విలోబీ హైస్కూల్ నుంచి నేరుగా డ్రాఫ్ట్ అయ్యారు. ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఆ దారిలో ఎవరూ ఎంపిక కాలేదు. 1995లో మిన్నెసోటా కెవిన్ గార్నెట్‌ను ఐదో పిక్‌గా తీసుకున్నాక మళ్లీ తలుపు తెరుచుకుంది. అక్కడి నుంచి 2005 దాకా దాదాపు 40 మంది అలా వచ్చారు.

ఈ పదేళ్లను తలుచుకోగానే అందరూ క్వామె బ్రౌన్ పేరు చెబుతారు. 2001లో వాషింగ్టన్ అతన్ని మొదటి పిక్‌గా తీసుకుంది. హైస్కూల్ నుంచి వచ్చి మొదటి పిక్ అయిన తొలి ఆటగాడు అతనే. ఆ స్థానానికి తగ్గ ఆట ఎన్నడూ ఆడలేకపోయాడు. అదే డ్రాఫ్ట్‌లో మూడో పిక్ పావ్ గసోల్. గసోల్ అప్పటికే బార్సిలోనా తరఫున పెద్దవాళ్ల మీద ఆడి గెలిచాడు. స్కౌట్ల ముందు అంత ఆధారం ఉంది. అయినా అతని కంటే ముందు ఇద్దరు హైస్కూల్ కుర్రాళ్లు వెళ్లారు. గసోల్ మరుసటి ఏడాదే రూకీ ఆఫ్ ద ఇయర్ అయ్యాడు. టోనీ పార్కర్ 28వ పిక్ దాకా మిగిలాడు.

తప్పులు రెండో వైపూ జరిగాయి. వాటిని ఎవరూ అంతగా గుర్తుపెట్టుకోరు. 1996లో కోబీ బ్రయంట్ పదమూడో పిక్. 2002లో అమారె స్టాడమైర్ తొమ్మిదో పిక్, వచ్చిన ఏడాదే రూకీ ఆఫ్ ద ఇయర్. 2005లో మాంటే ఎలిస్ 40వ పిక్, లూ విలియమ్స్ 45వ పిక్. వీళ్లందరినీ స్కౌట్లు తక్కువ అంచనా వేశారు. ఆధారం తక్కువగా ఉన్నప్పుడు ఒకణ్ని ఆకాశానికెత్తడం, ఇంకొకణ్ని వదిలేయడం రెండూ జరుగుతాయి.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసేవి మాత్రం మూడో రకం కథలు. టైసన్ చాండ్లర్ 2001లో రెండో పిక్. పదేళ్ల తర్వాత డల్లాస్‌తో చాంపియన్ అయ్యాడు, 2012లో డిఫెన్సివ్ ప్లేయర్ ఆఫ్ ద ఇయర్ అయ్యాడు. జెర్మైన్ ఓనీల్‌ను 1996లో పోర్ట్‌లాండ్ 17వ పిక్‌గా తీసుకుంది, నాలుగేళ్లు బెంచీ మీద కూర్చోబెట్టింది, 2000లో ఇండియానాకు ఇచ్చేసింది. అక్కడికి వెళ్లాక ఆరుసార్లు ఆల్‌స్టార్ అయ్యాడు. ట్రేసీ మెగ్రాడీ మూడేళ్లు టొరంటోలో ఎదిగి, 2000లో ఒర్లాండోకు వెళ్లి అక్కడ స్టార్ అయ్యాడు. ఈ ముగ్గురి విషయంలో స్కౌట్ల కన్ను తప్పలేదు. పండే సమయానికి చెట్టు వేరేవాళ్ల పెరట్లో ఉంది, అంతే. కాబట్టి 18 నిబంధనను తిట్టేముందు, తప్పు ఎంపికలో జరిగిందా, పెంచడంలో జరిగిందా అని విడదీసి చూడాలి.

పెంచే ఏర్పాట్లు అప్పట్లో దాదాపు లేవు. ఇప్పటి జీ లీగ్, అంటే ఎన్‌బీఏకి కింది స్థాయి లీగ్, 2001లో ఎనిమిది జట్లతో వేరే పేరుతో మొదలైంది. ఇవాళ ఎన్‌బీఏలోని 30 జట్లకూ తలా ఒక జీ లీగ్ జట్టు ఉంది. 2017 నుంచి టూ-వే కాంట్రాక్టులు, అంటే ఒకే ఆటగాణ్ని రెండు లీగ్‌లలోనూ ఆడించే ఒప్పందాలు, వచ్చాయి. కుర్రాణ్ని రెండేళ్లు కింది లీగ్‌లో ఆడిస్తూ తన దగ్గరే ఉంచుకోగల వీలు ఇప్పుడు జట్లకుంది. 2001లో ఆ వీలు లేదు.

ఈ పద్ధతిలో అసలైన చెడు నాలుగో కొలమానం దగ్గర ఉంది. స్కౌట్లు హైస్కూల్ జిమ్‌లలో తిరగడం మొదలైతే వాళ్ల వెంట ఏజెంట్లు, షూ కంపెనీల మనుషులు, 'నేను చూసుకుంటాను' అనే మధ్యవర్తులు అందరూ వస్తారు. 2002లో లెనీ కుక్ హైస్కూల్ స్టార్‌గా డ్రాఫ్ట్‌కు పేరిచ్చాడు. రెండు రౌండ్లలోనూ ఎవరూ తీసుకోలేదు. కాలేజీ ఆటకు తిరిగి వెళ్లే దారీ లేకపోయింది. అప్పటి కమిషనర్ డేవిడ్ స్టెర్న్ వయసు పెంచాలని పట్టుబట్టినప్పుడు ముఖ్యంగా చెప్పిన కారణాల్లో ఇదొకటి: లీగ్ మనుషులు స్కూల్ జిమ్‌లలో ఉండకూడదు. ఆ మాటలో న్యాయం ఉంది.

19: ఒక్క ఏడాది కాలేజీ

దీన్నే వన్-అండ్-డన్ అంటారు. జట్లకు ఇది సౌకర్యంగా ఉంటుంది. పేరున్న కుర్రాళ్లంతా కాలేజీ మ్యాచ్‌లలో, టీవీలో, మంచి ప్రత్యర్థుల మీద కనిపిస్తారు. ఖర్చు కాలేజీది, చూసే లాభం జట్టుది. 2010లో జాన్ వాల్ నుంచి 2022లో పావలో బాంకేరో దాకా వరసగా మొదటి పిక్ అయిన ప్రతి ఒక్కరూ ఒక్క ఏడాది కాలేజీలో ఉండి వచ్చినవాళ్లే. ఆ పదమూడు మందిలో ఆంథోనీ డేవిస్ ఉన్నాడు, ఆంథోనీ బెనెట్ కూడా ఉన్నాడు. 2013లో క్లీవ్‌లాండ్ బెనెట్‌ను మొదట తీసుకున్న రోజే, గ్రీస్‌లో రెండో డివిజన్ ఆడుతున్న యానిస్ పదిహేనో పిక్‌గా వెళ్లాడు.

ఒక సీజన్ అని పేరే గానీ, చాలాసార్లు అదీ దొరకదు. కైరీ అర్వింగ్ డ్యూక్ తరఫున ఆడింది 11 మ్యాచ్‌లు. జేమ్స్ వైజ్‌మన్ మెంఫిస్‌కు ఆడింది మూడే మ్యాచ్‌లు, 2020లో రెండో పిక్ అయ్యాడు. షేడన్ షార్ప్ కెంటకీలో చేరి ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా 2022లో ఏడో పిక్ అయ్యాడు. ఇలాంటి చోట్ల స్కౌట్ మళ్లీ పాత హైస్కూల్ వీడియోల దగ్గరికే వెళ్లాలి. కానీ ఇప్పుడు లీగ్ అనుమతించిన కొన్ని ఈవెంట్లలో తప్ప వాళ్లు ఆ జిమ్‌లకు స్వేచ్ఛగా వెళ్లలేరు. అంటే 18 నాటి ఊహ మిగిలిపోయింది, 18 నాటి చూసే వీలు పోయింది.

ఇంకో సమస్య పాత్ర. పెద్ద కాలేజీలో ఒకేసారి నలుగురైదుగురు స్టార్లు చేరతారు. డెవిన్ బుకర్ కెంటకీలో బెంచీ నుంచి వచ్చి సగటున పది పాయింట్లు కొట్టాడు. ఫీనిక్స్ 2015లో అతన్ని పదమూడో పిక్‌గా తీసుకుంది. 2017లో, ఇంకా ఇరవయ్యేళ్లకే, ఒకే మ్యాచ్‌లో 70 పాయింట్లు కొట్టాడు. ఆ కాలేజీ సీజన్ ఆ ఆటను దాచేసింది.

కాలేజీ వద్దనుకున్నవాళ్లు ఈ ఒక్క ఏడాదిని వేర్వేరు చోట్ల గడిపారు. బ్రాండన్ జెనింగ్స్ 2008లో ఇటలీకి వెళ్లాడు. లామెలో బాల్ ఆస్ట్రేలియాలో ఆడి 2020లో మూడో పిక్ అయ్యాడు. లీగ్ స్వయంగా 2020లో జీ లీగ్ ఇగ్నైట్ జట్టు పెట్టింది, 2024లో మూసేసింది. ప్రత్యర్థుల స్థాయి, మ్యాచ్ నిడివి, రిఫరీల తీరు ఎక్కడికక్కడ వేరు. వీళ్లందర్నీ ఒకే జాబితాలో పేర్చడం స్కౌట్లకు పెద్ద టెన్షన్.

నా దృష్టిలో 19 రాజీ కోసం పుట్టిన సంఖ్య. స్టెర్న్ 20 అడిగాడు, ఆటగాళ్ల సంఘం ఒప్పుకోలేదు, మధ్యలో ఆగారు. ఆ తర్వాత వచ్చిన ఆడమ్ సిల్వర్ కూడా మొదట్లో 20 కావాలన్నాడు. 2018లో కాలేజీ బాస్కెట్‌బాల్‌పై కాండొలీజా రైస్ నాయకత్వంలో ఏర్పడిన కమిషన్ వన్-అండ్-డన్‌కు స్వస్తి చెప్పమంది. 2023 ఒప్పందంలోనూ 19 అలాగే ఉండిపోయింది.

20: రెండు సీజన్లు

కేవలం అంచనా సరిగ్గా రావడమే మీకు ముఖ్యమైతే ఇదే మంచిది. రెండో సీజన్‌లో స్కౌట్‌కి దొరికేది ఇంకో ముప్పై మ్యాచ్‌లు మాత్రమే కాదు. వేసవిలో ఏం నేర్చుకుని వచ్చాడు, ప్రత్యర్థులు తన బలహీనత కనిపెట్టాక ఏం మార్చుకున్నాడు, జట్టు భారం మీద పడినప్పుడు ఎలా నిలబడ్డాడు అన్నవి అప్పుడే తెలుస్తాయి. వీటిని మొదటి ఏడాది నుంచి చదవడం కష్టం.

అయినా ఎక్కువ చూస్తే ఎక్కువ తెలుస్తుందన్న ధీమా ప్రమాదమే. హషీమ్ థబీట్ కనెక్టికట్‌లో మూడేళ్లు ఆడాడు. అందరూ చూశారు. 2009లో మెంఫిస్ అతన్ని రెండో పిక్‌గా తీసుకుంది. మూడో పిక్ జేమ్స్ హార్డెన్, ఏడో పిక్ స్టెఫెన్ కర్రీ. మరో వైపు, వయసు ఎక్కువని స్కౌట్లు కిందికి తోసినవాళ్లూ ఉన్నారు. డ్రేమండ్ గ్రీన్ నాలుగేళ్లు ఆడి 35వ పిక్ అయ్యాడు, జేలెన్ బ్రన్సన్ మూడేళ్లు ఆడి 33వ పిక్ అయ్యాడు. అందరికీ 20 దాటాకే అనుమతి అంటే చిన్న వయసు మీద ఉన్న మోజు కొంత తగ్గుతుందని నా నమ్మకం. ఇలాంటివాళ్ల ఆటను ఆటగా చూస్తారు.

దీని ఖరీదు ఆటగాడిది. కాలేజీలో మోకాలు దెబ్బతింటే పోయేది అతని కాంట్రాక్టే. ఆ నష్టం ఇప్పుడు కొంత తగ్గింది. 2021 జూలై నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు, ముఖం మీద డబ్బు సంపాదించుకోవచ్చు. 2025లో కోర్టు ఆమోదించిన రాజీ తర్వాత కాలేజీలే నేరుగా ఆదాయంలో వాటా ఇవ్వగలుగుతున్నాయి. దీని ఫలితం డ్రాఫ్ట్‌లో కనిపిస్తోంది. ముందుగానే పేరిచ్చేవాళ్లు 2021లో 350 పైచిలుకు ఉంటే, 2025లో వందకు కాస్త ఎక్కువ. 2021 సంఖ్యలో కోవిడ్ ప్రభావం కూడా ఉంది, కానీ దిశ స్పష్టం. ఏ నిబంధనా బలవంతపెట్టకుండానే చాలామంది రెండో ఏడాది ఆగుతున్నారు. డబ్బుతో ఆగిపోయేవాళ్లను ఆపడానికి నిబంధన ఎందుకు?

బేస్‌బాల్ దారి, డబ్ల్యూఎన్‌బీఏ దారి

అమెరికా బేస్‌బాల్‌లో హైస్కూల్ నుంచి నేరుగా డ్రాఫ్ట్ కావచ్చు. నాలుగేళ్ల కాలేజీలో చేరితే మాత్రం మూడేళ్లయినా గడవాలి, లేదా 21 నిండాలి. బాస్కెట్‌బాల్‌లో కూడా 18కే లేదా రెండేళ్లు ఆగాక అనే రూపం చర్చకు వస్తూంటుంది. వినడానికి న్యాయంగా ఉంది. కానీ 18 ఏళ్లకే ఒకే ఒక్క నిర్ణయం తీసుకోమనడం నాకు నచ్చదు. కాలేజీలో మొదటి ఏడాదే వెలిగిపోయిన కుర్రాడు అక్కడే బందీ అవుతాడు.

మహిళల లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో అమెరికన్ అమ్మాయిలు సాధారణంగా 22 దాకా ఆగాలి. కైట్లిన్ క్లార్క్ 2024లో అయోవాలో నాలుగేళ్లు పూర్తి చేసి వచ్చేసరికి ఆమె ఆటలో చూడని కోణం స్కౌట్లకు మిగల్లేదు. స్కౌటింగ్‌కు ఇంత సులువైన పద్ధతి లేదు. ఆ సులువుకు ఆ అమ్మాయిలు ఏళ్లతో మూల్యం కడుతున్నారు.

మరి మీరు ఏ వైపు?

మీ జట్టు ఏటా ఓడిపోతూ, అలాంటి జట్లకే ఎక్కువగా దక్కే మొదటి అయిదు పిక్‌ల మీదే ఆశ పెట్టుకుంటే, 20ని సమర్థించడం మీకు లాభం. ఆ స్థానంలో తప్పు చేస్తే మూడు నాలుగేళ్లు కోలుకోలేరు.

మీ జట్టు ఏటా ప్లేఆఫ్స్‌కు వెళ్తూ ఇరవయ్యో పిక్ తర్వాత ఎంచుకుంటుంటే 18 మంచిది. ఓపిక, మంచి కోచ్‌లు ఉన్న జట్టుకి అందరూ భయపడి వదిలేసిన కుర్రాళ్లు అక్కడే దొరుకుతారు. హైస్కూల్ తర్వాత ఐఎమ్‌జీ అకాడమీ అనే క్రీడా శిక్షణ పాఠశాలలో ఒక ఏడాది గడిపి వచ్చిన ఆన్‌ఫర్నీ సైమన్స్‌ను పోర్ట్‌లాండ్ 2018లో 24వ పిక్‌గా తీసుకుని, తొందరపెట్టకుండా పెంచుకుంది.

కాలేజీ ఆట మీద ప్రేమ ఉన్నవాళ్లు 20 అంటారు. వాళ్ల మాట కాదనను. తెలిసిన ముఖాలు రెండేళ్లు ఒకే జెర్సీలో కనిపిస్తే ఆ ఆటకు అందమే వేరు.

ఇక నా 18కి షరతులు ఇవి. ఎంపిక కాని కుర్రాడు కాలేజీకి తిరిగి వెళ్లి ఆడే హక్కు రాతపూర్వకంగా ఉండాలి. స్కౌట్లు స్కూల్ జిమ్‌లకు కాకుండా లీగ్ పర్యవేక్షించే క్యాంపులకే రావాలి, అక్కడ తల్లిదండ్రులు ఉండాలి. 18 ఏళ్ల వాణ్ని తీసుకున్న జట్టుకు రూకీ కాంట్రాక్టు ఒక ఏడాది పొడిగించుకునే వీలివ్వాలి, ఆ ఏడాదికి జీతం పెంచాలి. అప్పుడు పెంచిన జట్టుకే ఫలం దక్కుతుంది, కుర్రాడికీ అన్యాయం జరగదు.

అమెరికాలో ఉంటూ హైస్కూల్‌లో ఆడుతున్న కొడుకు ఉన్న తెలుగు కుటుంబాలకు నా సలహా వేరు. నిబంధన ఎటు మారినా మీ నిర్ణయం పెద్దగా మారదు. పేరున్న కాలేజీ కంటే, మొదటి ఏడాదే నిమిషాలు దొరికే కాలేజీ చూసుకోండి. డ్రాఫ్ట్‌కు పేరిస్తే కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ పెట్టిన గడువులోపు వెనక్కి తీసుకుని కాలేజీకి తిరిగి వెళ్లవచ్చు. ఆ తేదీ దాటితే దారి మూసుకుపోతుంది. ఏ కాగితం మీదైనా సంతకం పెట్టేముందు కాలేజీలో నిబంధనలు చూసే కంప్లయన్స్ ఆఫీసులో చూపించండి.

ఇండియాలో ఆడుతున్న కుర్రాళ్లకు సత్నామ్ సింగ్ భమారా కథ చెబుతాను. పంజాబ్ పల్లె నుంచి చిన్నప్పుడే అమెరికాలోని ఐఎమ్‌జీ అకాడమీకి వెళ్లాడు. 2015లో డల్లాస్ 52వ పిక్‌గా తీసుకుంది. ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన తొలి భారతీయుడు. కానీ లీగ్‌లో ఒక్క మ్యాచ్ ఆడలేకపోయాడు. ఏడడుగుల పైన ఎత్తు, బంతిని సుతారంగా వేసే చేయి చూసి స్కౌట్లు గుర్తించారు. నాకు లోటుగా కనిపించేది, అంతకుముందు గట్టి ప్రత్యర్థుల మీద పెద్దవాళ్ల లీగ్‌లో ఆడిన సీజన్లు లేకపోవడం. లూకా డాన్చిచ్‌కు 16 ఏళ్లకే రియల్ మాడ్రిడ్ సీనియర్ జట్టులో అవి దొరికాయి. అమెరికా బయటి ఆటగాళ్లు 22 నిండే ఏడాది వాళ్లంతట వాళ్లే డ్రాఫ్ట్‌కు అర్హులవుతారు, కాబట్టి తొందరేమీ లేదు. ఆ లోపు యూరప్‌లోనో ఆస్ట్రేలియాలోనో కింది డివిజన్ అయినా సరే, పెద్దవాళ్ల మీద ఆడే చోటు వెతుక్కోవాలి.